చేతులు దించని బాలింత

నేను మానసిక వైద్యురాలిని. ఈ మాట వినగానే చుట్టాలు ఒక అడుగు వెనక్కి వేస్తారు. మా మరిది ఇంటికి వచ్చినప్పుడల్లా, "వదినా, నా మొకం చూడకు, ఏదో ఒకటి పట్టేస్తవ్" అని అటు తిరిగి కూర్చుంటాడు. అతనిలో పట్టడానికి ఏమీ లేదు. ఆ సంగతి చెబితే నొచ్చుకుంటాడని ఊరుకుంటాను.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇబ్రహీంపట్నంలోని ఒక మోస్తరు ఆసుపత్రిలో గడిచింది. పేరు చెప్పను. అన్ని రోగాలకూ వైద్యం చేసే మామూలు దవాఖాన అది. ఎక్స్‌రే గదికీ సామాన్ల గదికీ మధ్య నాకొక చిన్న గది ఇచ్చారు. బయట బెంచీ మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఎక్స్‌రే కోసం వచ్చినట్టు నిలబడి, నేను పిలవగానే గబుక్కున లోపలికి దూరేవాళ్లు. నిద్ర పట్టని రైతులు, కల్లు మానేసి వణికేవాళ్లు, పరీక్షలంటే గుండెదడ వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు. అందరికీ నేను 'నరాల డాక్టరమ్మ'ని. పిచ్చి డాక్టర్ అనడానికి వాళ్లకు నోరు రాదు. అననందుకు నేనూ సంతోషించాను.

ఇప్పుడు రాస్తున్నది ఆ బెంచీ దాకా వచ్చినవాళ్ల గురించి కాదు. వాళ్లు నడిచి వచ్చారు, మాట్లాడారు, మందు తీసుకున్నారు. వాళ్లతో నాకు ఫికర్ లేదు. పైన వార్డులో మంచం మీద కదలకుండా ఉండి, ఎవరినీ ఇబ్బంది పెట్టని కారణంగా ఎవరూ పట్టించుకోని పేషెంటు గురించి రాస్తున్నాను. కొత్తగా డ్యూటీల్లో చేరుతున్న పిల్లలూ, మీకు అలాంటి పేషెంటు తప్పకుండా ఎదురవుతారు. ఎదురైనట్టు మీకు తెలియకపోవచ్చు, అంతే.

తలగడ

అలాంటి పేషెంటును నేను మొదటిసారి చూసింది చదువుకునే రోజుల్లో, వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో. మగవాళ్ల వార్డులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. అన్నదమ్ములతో పొలం దగ్గర మాటామాటా వచ్చి, ఆ రోజు నుంచీ మాట మానేశాడని ఇంటివాళ్లు చెప్పారు. "అలిగిండు సార్. ఆయన చిన్నప్పటి సంది గంతే" అన్నాడు తమ్ముడు. డాక్టర్లు కూడా అదే మాట పట్టుకున్నారు. తల స్కాను బాగుంది, రక్తం బాగుంది, అలిగాడు. అలిగినవాడికి ఏ మందు రాస్తారు? ఆకలైతే వాడే తింటాడనుకున్నారు.

ఒక ఉదయం ఆయా గలీబులు మార్చడానికి వచ్చింది. అందరి తలగడలూ లాగినట్టే ఆయన తల కింది తలగడా లాగింది. తల మంచం మీద పడలేదు. తలగడ ఉన్నప్పుడు ఎంత ఎత్తున ఉందో అంతే ఎత్తున, గాలిలో, అలాగే ఉండిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయా చేతిలో తలగడ పట్టుకుని కాసేపు చూసి, అక్కడే పడేసి పరుగెత్తింది. మేం వెళ్లేసరికి కూడా ఆ తల గాలిలోనే ఉంది. మెడ నరాలు మాత్రం తాళ్లలా బిగుసుకుని కనబడుతున్నాయి. నిజం చెప్పొద్దూ, చదువుకున్న మేం కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాం.

మా ప్రొఫెసరు చిరచిరలాడే మనిషి. ఆయనొక్కడే నేరుగా వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. పేషెంటు చెయ్యి పైకెత్తి వదిలాడు. చెయ్యి పైనే ఉండిపోయింది. "ఇది అలక కాదు. దీని పేరు కాటటోనియా. ఇన్ని రోజులు ఏం చూశారు మీరంతా?" అని అరిచాడు. అప్పటికే ఆలస్యమైంది. కదలక కదలక ఆ మనిషి కాలి నరాల్లో రక్తం గడ్డకట్టింది. మందు మొదలుపెట్టిన రోజే ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరి ఆయన పోయాడు. తమ్ముడు వరండాలో తల బాదుకుంటూ, "నువ్వు అలిగినవనుకున్న అన్నా" అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అసలు సంగతి

కాటటోనియా అంటే మనిషి మెలకువగానే ఉంటాడు, వింటూనే ఉంటాడు, కానీ అనుకున్నది చెయ్యడానికి ఒళ్లు కదలదు. తాళం పడిపోతుంది. కారణం మనసు జబ్బు కావచ్చు, మెదడువాపు కావచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గడం కావచ్చు, వాడుతున్న మందు హఠాత్తుగా ఆపడం కావచ్చు. అందుకే ఇది పిచ్చాసుపత్రి జబ్బు మాత్రమే కాదు. ఎముకల వార్డులో ఉంటుంది, జ్వరాల వార్డులో ఉంటుంది, కాన్పుల వార్డులో ఉంటుంది. మీరు దీన్ని పక్షవాతం అనుకుంటారు, కోమా అనుకుంటారు, నటన అనుకుంటారు. ఇంటివాళ్లు గాలి సోకిందనుకుంటారు.

కనిపెట్టడానికి పెద్ద మిషన్లు అక్కరలేదు. చెయ్యి ఎత్తి వదలండి. కోమాలో ఉన్నవాడి చెయ్యి పడిపోతుంది. ఇక్కడ మీరు పెట్టిన చోట నిలుస్తుంది. పేషెంటు మీ మాటను తిరిగి మీకే అప్పజెబుతున్నాడేమో వినండి. నోట్లో పెట్టిన ముద్ద మింగుతున్నాడో లేదో నోరు తెరిచి చూడండి. అన్నిటికన్నా ముందు, కూర్చోండి. నిలబడి రౌండ్లు చేసేవాళ్లకు ఇది కనబడదు. నేను ఎంతోమంది తెలివైన డాక్టర్లను చూశాను, మంచం దగ్గర కూర్చోవడం నామోషీ అనుకునేవాళ్లు. వాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

వసుంధర మేడమ్ వార్డు

మా సూపరింటెండెంటు వసుంధర మేడమ్ కాన్పుల డాక్టరు. చేతిలో కత్తి పడితే అంత నేర్పరి ఈ చుట్టుపక్కల లేదు. రక్తం ఆగక తెల్లగా పాలిపోయిన తల్లులను ఆమె ఎట్లా బతికించిందో కళ్లారా చూశాను. కానీ ఆమెకు చప్పుడు పడదు. వార్డులో నిశ్శబ్దం ఉంటే వైద్యం బాగున్నట్టు లెక్క. "నా వార్డు చూడు, గుడి లెక్క ఉంటది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది. అరిచే పేషెంటును కసురుకునేది. అరవని పేషెంటును 'బంగారు తల్లి' అనేది.

ఒక మధ్యాహ్నం ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"ఎస్తేరూ, జర పైకి రా. మీర్‌పేట నుంచి వచ్చిన పద్మ అని ఒకామె, వార్డంత కరాబ్ చేస్తుంది. పక్క బెడ్ ఆమెను దయ్యమంటది. నీ పేషెంటే. ఏదన్న సూది రాసిపో."

నేను మెట్లెక్కుతుండగానే పద్మ గొంతు వినబడింది. కాన్పు తరువాత బీపీ తగ్గక ఆమెను ఉంచుకున్నారు. అప్పటికే ఆమెను గుమ్మం దగ్గరి మంచానికి మార్చారు. బిడ్డను గుండెకు అదుముకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "మీరు పిచ్చి డాక్టరా?" అంది.

"అవ్" అన్నాను. చాలా ఏళ్లకు ఎవరో నేరుగా అడిగారు, హాయిగా అనిపించింది.

"నాకేం పిచ్చి లేదు మేడమ్. ఇది ఏ వారమో చెప్పనా? నా పిల్లగాడు ఎప్పుడెప్పుడు పాలు తాగిండో చెప్పనా?" అంటూ గబగబా చెప్పేసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "నా పక్క మంచం మీద ఉండె గదా, గా లావణ్య. ఆమె పండుకుంటలేదు. కండ్లు మూస్తలేదు. పొద్దుగాల ఎట్ల కూసుండెనో సాయంత్రం గట్లనే కూసుంటది. నేను ఎటు జరిగినా నన్నే చూసినట్టుంటది. చెప్తే ఎవ్వరు నమ్ముతలేరు. ఆమె మంచిదట, నేను గయ్యాళిదట!"

"నేను నమ్ముతున్న అనలే, నమ్మను అనలే" అన్నాను.

"నమ్ముడెందుకు? పోయి ఎదురుంగ కూసో. రెప్ప కొడ్తదేమో చూడు."

ఇంత తెలివైన మాట ఆ ఆసుపత్రిలో ఆ వారమంతా నేను వినలేదు. వెళ్లి ఖాళీ అయిన పద్మ మంచం మీద కూర్చున్నాను.

మంచి కోడలు

లావణ్య ఉన్న మూల చీకటిగా ఉంది. గాలి తగలకుండా కిటికీకి దుప్పటి కట్టారు. మా వైపు పచ్చి బాలింతను ఎట్లా చూస్తారో తెలియనివాళ్ల కోసం చెబుతాను. తలకు గుడ్డ కడతారు. చెవుల్లో దూది పెడతారు. ఎక్కువ మాట్లాడనివ్వరు, మాట్లాడితే వాతం చేస్తుందంటారు. నీళ్లు గుటకల లెక్కన ఇస్తారు. అటూ ఇటూ తిరగనివ్వరు, గట్టిగా నవ్వనివ్వరు. ఇందులో సగం ప్రేమ, సగం మూర్ఖత్వం. ఆ నీళ్ల సంగతి మీద నేను ఎంతమంది అత్తలతో పోట్లాడానో చెప్పలేను. కాటటోనియా దాక్కోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదని మాత్రం ఆ రోజు దాకా నాకూ తట్టలేదు. మాట్లాడని, తినని, కదలని బాలింతను మా వైపు జబ్బుమనిషి అనరు. బుద్ధిమంతురాలు అంటారు.

లావణ్య అత్త అంజమ్మ మంచం కిందుగా నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. రావిర్యాల వైపు భూములున్న కుటుంబం. మెడలో గుండ్లపేరు, చేతుల నిండా గాజులు. నన్ను చూసి లేచింది.

"పద్మనా మీరు చూడొచ్చింది? అవ్, ఆమెకు జర చూడుండ్రి, ఒక్క తీరు అరుసుడే. మా కోడలును చూడు డాక్టరమ్మా, ఉలుకు లేదు పలుకు లేదు. చెప్పినట్టు ఇంటది. ఇసొంటి కోడలు ఎవరికి దొరుకుతది? ఈ పొద్దు సాయంత్రం మంచి గడియ ఉన్నది, ఇంటికి తోల్కపోతున్నం."

వసుంధర మేడమ్ అప్పటికే డిశ్చార్జ్ రాసేసింది. లావణ్య భర్త శ్రీశైలం కారు తేవడానికి వెళ్లాడు.

నేను లావణ్యను చూస్తూ కూర్చున్నాను. వీపుకు దిండు ఆనించి కూర్చోబెట్టారు. రెండు చేతుల మధ్య ఆడపిల్ల. పిల్ల ఏడుస్తోంది, నోరు తెరిచి పక్కకు వెతుకుతోంది. లావణ్య కళ్లు పిల్ల మీద లేవు, నా మీద లేవు. నా భుజం పక్కగా, గోడ వైపు. జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయింది, పాలు కారి పొత్తి గుడ్డ మీదికి జారుతున్నాయి. అంత దగ్గరగా పిల్ల ఆకలికి ఏడుస్తుంటే ఆ ముఖంలో ఒక్క గీత కదలలేదు. ఒక ఈగ వచ్చి కంటి కొన మీద వాలింది. రెప్ప పడలేదు. ఈగ కంటి అంచు వెంట నడిచింది. నేను చేత్తో తోలాను, నా చెయ్యి కంటికి అంత దగ్గరగా వెళ్లినా రెప్ప పడలేదు.

"పాలు తాగిపిస్తలేదా?" అన్నాను.

"నేనే పట్టుకోని తాగిపిస్తున్న. సిగ్గు పడ్తది" అంది అంజమ్మ.

"అన్నం?"

"నేనే నోట్లె పెడ్తున్న. అన్ని నేనే. కొత్త గదా."

"జర పిల్లను ఎత్తుకో అంజమ్మా."

అంజమ్మ వంగి పిల్లను ఎత్తుకుంది. లావణ్య చేతులు అలాగే ఉండిపోయాయి. ఒక చెయ్యి పిల్ల తల కింద పెట్టినట్టు, ఇంకోటి కాళ్ల కింద పట్టినట్టు, మధ్యలో ఏమీ లేదు. పిల్ల బరువు పోయినా ఆ చేతులు ఒక్క వేలెడు కూడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు. లేని పిల్లను ఎత్తుకుని ఆమె గోడను చూస్తూ కూర్చుంది.

అంజమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "చేతులు దించవేందే?" అంది మెల్లగా.

నేను ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, ఒక్క వేలితో పైకి లేపాను. అంత తేలికగా లేచిందంటే, చెయ్యి నా వేలి కోసమే ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. తల పక్కన వదిలేశాను. అక్కడే నిలిచింది. నోరు తెరిచి చూశాను. పొద్దున పెట్టిన అన్నం ముద్ద బుగ్గలో అలాగే ఉంది, నమలలేదు, మింగలేదు. వేలితో తీసేశాను. నాలుక ఎండి బెరడులా ఉంది. ఒళ్లు కాలిపోతోంది.

"లావణ్యా, నా మాట ఇనబడుతుందా?" అన్నాను.

పెదవులు కొంచెం కదిలాయి. "ఇనబడుతుందా."

నా గొంతు అది. నా యాస, చివర నేను గొంతు పైకెత్తే తీరు, అంతా నాదే. ముఖం మాత్రం గోడ వైపే ఉంది.

"ఓ బిడ్డా, ఏమైందే నీకు?" అంది అంజమ్మ. గొంతు వణికింది.

"ఏమైందే నీకు." అదే వణుకుతో తిరిగి వచ్చింది.

అంజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత కాసేపు మేం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే మా మాట మళ్లీ ఆ నోట్లోంచి వస్తుందని భయం. ఇన్నేళ్ల అనుభవం ఉండి నీకేం భయం అని అడగకండి. భయం వేసింది. పేరు తెలిసిన జబ్బు కాబట్టి లేచి పారిపోలేదు, అంతే తేడా.

సూది

వసుంధర మేడమ్‌ను పిలిపించాను. వస్తూనే, "ఏంది ఎస్తేరూ, పద్మ సంగతి చూడమంటే ఈమె మీద పడ్డవ్?" అంది.

"ఈమెను ఇంటికి పంపొద్దు మేడమ్. ఇది కాటటోనియా. జ్వరం వచ్చింది, ఒంట్ల నీళ్లు లేవు. ఇంటికి పోతే చీకటి గదిలో పెట్టి, మాట్లాడకు అంటరు, మస్తు మంచి కోడలు అంటరు. అందరు మెచ్చుకుంటుంటేనే చచ్చిపోతది."

"కాన్పు కష్టమైంది. అలిసిపోయింది. నువ్వు అందరిలో నీ జబ్బే చూస్తవ్."

"అయితే ఒక్క సూది ఇయ్యనియ్యండి. అలసట అయితే ఇంకా నిద్రపోతది. నా జబ్బు అయితే మేలుకుంటది."

ఇది చదివే పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. మామూలు మనిషిని నిద్రపుచ్చే లోరాజెపామ్, ఈ జబ్బులో తాళం తీస్తుంది. పిచ్చికి వాడే సూదులు మాత్రం తొందరపడి పొడవకండి. బిగుసుకుపోయిన ఒంటికి అవి ఇంకా బిగువు తెచ్చి, జ్వరం పెంచి ప్రాణం తీయగలవు. వసుంధర మేడమ్ పెదవి విరిచింది గానీ కాదనలేదు. సైగ చేసింది, ఇవ్వమన్నట్టు.

నరానికి మెల్లగా ఇచ్చాను. ఇచ్చి మళ్లీ కూర్చున్నాను. అంజమ్మ పిల్లను భుజాన వేసుకుని నిలబడింది. అవతలి మంచాల వాళ్లు కూడా మాటలు ఆపేశారు. గుమ్మం దగ్గర పద్మ మెడ చాచి చూస్తోంది. అంత నిశ్శబ్దం వసుంధర మేడమ్‌కు కూడా నచ్చినట్టు లేదు, చేతులు నలుపుకుంటోంది.

మొదట పైన ఉన్న కుడిచెయ్యి దిగడం మొదలైంది. నీళ్లలో మునుగుతున్న వస్తువులా మెల్లగా ఒడిలోకి వచ్చి పడింది. తరువాత ఎడమచెయ్యి. రెప్ప పడింది. మళ్లీ పడింది. కంట్లోంచి నీళ్లు ధారగా కారాయి. గోడ మీది చూపు కదిలి, మా ముఖాలు ఒక్కొక్కటే దాటుకుంటూ అంజమ్మ భుజం మీద ఆగింది.

"నీళ్లు" అంది లావణ్య. అది ఆమె సొంత గొంతు. తరువాత, "నా పిల్ల" అంది.

అంజమ్మ భోరుమంది.

కారు దగ్గర

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేదో. చాలామంది డాక్టర్లకు ఇక్కడితోనే అయిపోతుంది, అందుకే ఈ ముక్క రాస్తున్నాను. లావణ్య నీళ్లు తాగింది, పిల్లకు పాలిచ్చింది, పేరు చెప్పింది. శ్రీశైలం వచ్చేసరికి భార్య మాట్లాడుతోంది. ఇంకేం కావాలి? పోదాం అన్నారు. మంచి గడియ దాటిపోతుందన్నారు. రోగం పోలేదు, మందు పని చేస్తోంది, దిగిపోతే మళ్లీ వస్తుంది అని నేను చెబుతూనే ఉన్నాను.

"అన్నా, ఒక్క వారం ఉంచు. నాది జిమ్మెదారి" అని శ్రీశైలాన్ని బతిమాలాను.

"మేడమ్, మీరు మంచిగనే చెప్తున్నరు. కాని పిచ్చి డాక్టర్ దగ్గర ఉంచిన్నంటే ఊరంత ఏమంటది? ఆమె బతుకే కరాబైతది" అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని భయం అతనికి ఉంది. వసుంధర మేడమ్ తన సంతకాన్ని వెనక్కి తీసుకునే రకం కాదు. "మాట్లాడుతుంది కదా, పోనీ ఎస్తేరూ" అంది.

సాయంత్రం ఎండ వరండా మీద పడుతుండగా బయలుదేరారు. వసుంధర మేడమ్ వరండా దాకా వచ్చింది. నేను సిగ్గూ ఎగ్గూ వదిలేసి మెట్ల దాకా వాళ్ల వెంటే వాదిస్తూ నడిచాను. లావణ్య నా కన్నా ముందు నడుస్తోంది. నడక మందగించడం నేను గమనించాను, ఎవరూ గమనించలేదు. శ్రీశైలం కారు తలుపు తీశాడు. లావణ్య ఒక చెయ్యి తలుపు మీద వేసి, ఒక కాలు ఎత్తింది.

కాలు కారులో పడలేదు, నేల మీద పడలేదు. మధ్యలో ఆగిపోయింది.

"ఎక్కు" అన్నాడు శ్రీశైలం.

"ఎక్కు" అంది లావణ్య.

అతను నవ్వబోయాడు, ఆటపట్టిస్తోందనుకున్నాడు. నవ్వు సగంలో ఆగింది. ఆమె ఒంటికాలి మీద నిలబడి ఉంది, తూగడం లేదు. గాలికి తలగుడ్డ కొస మాత్రం ఎగురుతోంది. వెనక ఇంకో బండి హారన్ కొట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చూడసాగారు.

అంజమ్మ ముందుగా అర్థం చేసుకుంది. "మళ్ల పోయింది" అంది. "డాక్టరమ్మా, నా కోడలు మళ్ల పోయింది." తరువాత కొడుకు వైపు తిరిగి, "ఊరు ఏమన్న అననియ్. లోపటికి ఎత్తుకోరా!" అని అరిచింది.

వసుంధర మేడమ్ మెట్ల మీంచి దిగి వచ్చింది. లావణ్య ముందు నిలబడి, తలుపు మీది చేతిని తన చేత్తో తీసి గాలిలో పెట్టింది. అది అక్కడే నిలిచింది. ఆ చేతిని ఆమె చాలాసేపు చూసింది. తరువాత నాతో, "బెడ్డు ఇప్పిస్త. ఏం చెయ్యాల్నో నువ్వు చెప్పు" అంది. తప్పు తెలిశాక వాదించకపోవడం పెద్ద గుణం. అది ఉన్న పై అధికారులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జవాబు

తరువాత జరిగింది మామూలు వైద్యమే. కిటికీ దుప్పటి తీశాం. సెలైన్ ఎక్కించాం, రక్తం గడ్డకట్టకుండా చూశాం, మందు వేళ తప్పకుండా ఇచ్చాం, కారణాల కోసం వెతికాం. కాన్పు తరువాత వచ్చిన తీవ్రమైన మనోవ్యాధి అని తేలింది, దానికి వైద్యం మొదలైంది. పాల సంగతి పిల్లల డాక్టరు దగ్గరుండి చూసుకున్నాడు. ఇంకొన్నిసార్లు లావణ్య మధ్యలో ఆగిపోయింది. ఒకసారి దువ్వెన జుట్టులో ఉండగా. ఒకసారి నవ్వుతుండగా, ఆ నవ్వు చాలాసేపు ముఖం మీదే ఉండిపోయింది. అది చూడడం ఏడుపు చూడడం కన్నా కష్టం. మెల్లమెల్లగా అవి తగ్గాయి, ఆగాయి.

ఒక ఉదయం రౌండ్లలో వసుంధర మేడమ్‌తో కలిసి వెళ్లాను. లావణ్య పిల్లను అత్తకు ఇచ్చి, మంచం అంచున కూర్చుని ఉంది. అంతకుముందు సంగతులు ఏమైనా గుర్తున్నాయా అని అడిగాను.

"అన్ని యాదికున్నయ్ మేడమ్. అందరు మాట్లాడింది ఇనబడ్డది. ఎంత మంచిదో, ఎంత బుద్ధిమంతురాలో అనుకుంట పోతుండిరి. లోపల నేను అరుస్తనే ఉన్న. ఒక్క ముక్క బయటికి రాలే." కాసేపు ఆగింది. మళ్లీ ఆగిపోయిందేమోనని రెప్పల వంక చూశాను. లేదు, ఏడుపు దిగమింగుకుంటోంది. "పద్మక్క ఒక్కతే అడిగింది. అత్తమ్మ బువ్వ తిననీకి పోయినప్పుడు నా చెవుల దూది తీసి అడిగింది."

"ఏమని?"

"'చెల్లె, బతికున్నవా?' అని. నేను చెప్పలేకపోయిన. చూసి చూసి భయపడి పోయింది. ఆమెకు జవాబియ్యాలె మేడమ్."

పొట్ట కుట్ల మీద చెయ్యి పెట్టుకుని దిగింది. నేను పట్టుకోబోతే వద్దంది. మంచాల మధ్యగా మెల్లగా నడుస్తూ గుమ్మం దగ్గరికి వెళ్లింది. పద్మకు బీపీ ఎట్టకేలకు తగ్గింది, ఆ రోజే ఇంటికి వెళుతోంది, సంచి సర్దుకుంటోంది. ఇన్నాళ్లూ భయంతో ఆ మూల వైపే రాని మనిషి, తల ఎత్తి, తన వైపు నడిచి వస్తున్న లావణ్యను చూసి, సంచి వదిలేసి మంచం మీదికి కాళ్లు ముడుచుకుంది.

లావణ్య ఆమె ఎదురుగా నిలబడింది. "అక్కా, బతికే ఉన్న" అంది.

పద్మ రెప్ప వెయ్యకుండా చూసింది. తరువాత ఒక్కసారిగా బద్దలైంది.

"ఇప్పుడు చెప్పుతవానే! గీ ఒక్క మాట కోసం నీ మొకంల మొకం పెట్టి చూసి చూసి నా పానం పోయింది గదనే! నన్ను పిచ్చిదన్నరే వీళ్లంత!" అని ఆసుపత్రి అదిరేట్టు అరిచింది. అరుస్తూనే లావణ్యను మీదికి లాక్కుని, చెంపలు నిమురుతూ, ఎక్కెక్కి ఏడ్చింది. ఉయ్యాల తొట్లలో పిల్లలందరూ లేచి గుక్కపట్టారు.

వసుంధర మేడమ్ నా పక్కనే నిలబడి ఉంది. ఎవరినీ నోరు మూసుకోమనలేదు.